అక్క చేతి తీపి

తాళాల దుకాణం పైగది,
వానలు మొదలయ్యాయి

మైకు మహారాణికి,

మీ బావ రాస్తున్నాను. ఉత్తరం చూసి కంగారు పడకు, బతికే ఉన్నాను. మీ అక్క పోయి ఏడాది దాటింది, ఈ బావ ఒక్క ముక్కైనా రాయలేదని నువ్వు మనసులో తిట్టుకుంటూనే ఉంటావు. తిట్టుకో, నీకా హక్కు ఉంది. ఫోన్ చేద్దామంటే నా చెవుల సంగతి తెలిసిందే కదా. ఇన్నేళ్ళు ఆకురాయితో ఇనుము రాకిన చప్పుడుకి అవి ఎప్పుడో మొరాయించాయి. రైల్వే స్టేషన్ మైకులో నీ గొంతు ఊరంతా వింటుంది గానీ ఫోన్లో నాకు సగం కూడా వినపడదు.

అసలు పని చెప్తాను. మీ అక్క స్కూల్ క్యాంటీన్లో పనిచేసే రోజుల్లో ఫ్లాప్‌జాక్‌లు నేర్చుకుంది కదా, ఓట్స్‌తో పలకల్లా చేసేది. ప్రతి ఆదివారం ఒక ట్రే. నేను కింద దుకాణంలో ఉండగానే చేసేసేది. పైకొచ్చేసరికి ముక్కలు కోసి డబ్బాలో పెట్టేసి ఉండేవి. ఎలా చేస్తుందో ఏనాడూ చూసిన పాపాన పోలేదు. డబ్బాలో చెయ్యి పెట్టడం తప్ప నాకేం తెలుసు! మొన్న ఆ డబ్బా మూత తీశాను. లోపల ఏమీ లేదు. లేదని తెలిసే తీశాను. మళ్ళీ మూత పెట్టేశాను.

బేకరీల్లో దొరికేవన్నీ కొని చూశాను. ఒక్కటీ దాని కాలిగోటికి చాలదు. మీ అక్క నీకు నేర్పిందని నాకు తెలుసు. ఎలా చెయ్యాలో రాయి. చిన్నపిల్లాడికి చెప్పినట్టు రాయి, నాకు టీ పెట్టుకోవడం తప్ప వంటింట్లో ఇంకేమీ రాదు.

ఇంకో సంగతి. మీ అక్క చేతులు కడుక్కోవడానికి ఏ సబ్బు వాడేదో నీకు గుర్తుందా? నారింజ వాసన వచ్చేది. ఆదివారమైతే ఇల్లంతా అదే. ఇంట్లో మిగిలిన సబ్బుకి ఏ వాసనా లేదు. కొట్లో ఉన్న నారింజ సబ్బులన్నీ తెచ్చి చూశాను, అవీ కావు. కొట్టాయన నన్ను చూస్తే ఇప్పుడు నవ్వుతున్నాడు.

బావ


స్టేషన్ క్వార్టర్స్, రెండో అంతస్తు

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీరు క్షేమమని తెలిసి సంతోషం. ఇక్కడ నేనూ క్షేమమే. అక్క కర్మలన్నీ అయ్యాక నన్ను రైలెక్కిస్తూ "వస్తూ ఉండు" అన్నారు. ఆ తర్వాత నేను రాసిన ఉత్తరాలకి జవాబే లేదు. రమ్మన్న మనిషే మొహం చాటేస్తే ఏ మొహం పెట్టుకుని వస్తామని ఊరుకున్నాను.

మీరు అడిగింది రాస్తున్నాను. మూడు కప్పుల ఓట్స్ ఒక పెద్ద గిన్నెలో పోసుకోండి. అరప్యాకెట్ వెన్న, ఒక చిన్న కప్పు పంచదార, మూడు పెద్ద చెంచాల సిరప్ (తేనె రంగులో చిక్కగా ఉంటుంది, సీసాల్లో దొరుకుతుంది) సన్నని సెగ మీద కరిగించండి. మరగనివ్వకండి. చిటికెడు ఉప్పు వేసి ఓట్స్‌లో పోసి బాగా కలపండి. ట్రేలో కాగితం వేసి, అందులో గట్టిగా అదమండి. ఓవెన్లో అంచులు ఎర్రబడేదాకా ఉంచండి. మధ్యలో మెత్తగా ఉందని ఇంకా కాల్చకండి, చల్లారితే అదే గట్టిపడుతుంది. వేడి మీద ఉండగానే కత్తితో గాట్లు పెట్టి, పూర్తిగా చల్లారాకే ట్రేలోంచి తియ్యండి. తొందరపడితే పొడైపోతుంది. ఇదీ క్యాంటీన్లో అక్క నేర్చుకున్న పద్ధతి.

సబ్బు సంగతి నాకు తెలియదు.

మీ మరదలు


తాళాల దుకాణం పైగది,
ఇంకా వానే

మైకూ,

"బావగారికి నమస్కారాలు" అని చూసి, తాళం పోగొట్టుకున్న బ్యాంకు మేనేజరెవరో రాశాడనుకున్నాను. ఇంకోసారి ఈ "మీరు", "అండి" అన్నావంటే ఉత్తరం విప్పకుండా తిప్పి పంపేస్తాను.

నీ ఉత్తరాలకి ఎందుకు జవాబు రాయలేదో చెప్తాను, విను. నువ్వు రాస్తే అచ్చం మీ అక్క మాట్లాడినట్టే ఉంటుంది. ఆ విరుపూ అదే, ఆ దెప్పిపొడుపూ అదే. మొదటి ఉత్తరం సగం చదివి మడిచి పెట్టేశాను. మిగతావి విప్పనేలేదు. ఇప్పుడు కూర్చుని అన్నీ చదివాను. ఆ రోజుల్లో నువ్వు తిండి మానేశావని రాశావు. నాకు తెలిసుంటే వచ్చేవాణ్ణే. చదివితే కదా తెలిసేది!

ఇక వంట సంగతి. నువ్వు చెప్పినట్టే చేశాను. మొదటి ట్రే మాడి పొగలొచ్చాయి. రెండోది కుదిరింది. పలకలు కూడా తాళంకప్పలంత గట్టిగా వచ్చాయి. కానీ మైకూ, ఇది అది కాదు. నోట్లో పెడితే తీపి తప్ప ఏమీ తెలియడం లేదు. పళ్ళు జివ్వుమన్నాయి. మీ అక్కది తియ్యగా ఉండేది కానీ ఇలా మొహం మీద కొట్టేది కాదు. నువ్వేదో మర్చిపోయావు. బాగా ఆలోచించి రాయి.

పారెయ్యడం ఇష్టం లేక వారమంతా అవే తిన్నాను.

బావ


స్టేషన్ క్వార్టర్స్

బావా,

సరే, "మీరు" మానేశాను. కోపం మాత్రం పూర్తిగా పోలేదు, కొంచెం ఉంచుకున్నాను.

నేనేమీ మర్చిపోలేదు. నీ ఓవెన్ పాతది కదా, వేడి ఎక్కువై తీపి పైకి తేలుతున్నట్టుంది. పంచదార సగం చెయ్యి. సిరప్ రెండు చెంచాలు చాలు. బదులుగా బాగా మగ్గిన అరటిపండు ఒకటి మెదిపి కలుపు. ఓట్స్‌ని ముందు ఉత్త మూకుట్లో కమ్మటి వాసనొచ్చేదాకా వేయించు. ఆ వారమంతా అవే తినడం కూడా కాస్త తగ్గించు, రోజుకొక ముక్క చాలు.

నా సంగతి అడిగావు కాదు గానీ నేనే చెప్తాను. రోజంతా ఈ గొంతు పట్టుకుని వేలమంది పరుగెడతారు. ఏ ప్లాట్‌ఫారం అంటే ఆ ప్లాట్‌ఫారానికి. ఇంటికొచ్చి తలుపు తీశాక ఇక దాంతో పనుండదు. మొన్న సెలవు రోజు సాయంత్రం పక్కింటావిడ తలుపు కొట్టి ఏదో అడిగితే గొంతు పెగల్లేదు. పొద్దుటి నుంచి ఒక్క మాటైనా మాట్లాడలేదని అప్పుడు తెలిసింది. ఆవిడ నాకు జలుబు చేసిందనుకుంది. నేనూ అవునన్నాను.

నువ్వు రాస్తూ ఉండు బావా. ఫ్లాప్‌జాక్ గురించే రాయి, ఏం ఫర్వాలేదు.

మైకు


తాళాల దుకాణం పైగది,
చలి మొదలైంది

మైకూ,

ఈసారి పొడి పొడి అయింది. చెంచాతో తినాల్సొచ్చింది. నువ్వు పంచదార తీసేయమన్నావు సరే, మరి దాన్ని పట్టి ఉంచేదేది? అయినా ఒక మాట ఒప్పుకోవాలి. మొదటిదాని కంటే ఇది మీ అక్కదానికి కొంచెం దగ్గరగా వచ్చింది. తాళంచెవి రాకి రాకి పెట్టి చూస్తే ఒక చోట కప్ప లోపల కొద్దిగా కదిలినట్టు ఉంటుంది చూడు, అలాగ.

నీకు చెప్పకూడదనుకున్నాను కానీ చెప్తున్నాను. వీధి చివర మందుల షాపావిడ తాళంచెవికి నకలు చెయ్యమంది. చేసిచ్చాను. మర్నాడు పొద్దున అసలుది లోపలే ఉండిపోయింది, నేను చేసిన తాళంచెవేమో పట్టలేదు. షట్టర్ ముందు జనం, లోపల మందులు. నా జీవితంలో నేను కోసిన చెవి పట్టకపోవడం అదే మొదలు. నాకు తల కొట్టేసినట్టయింది. కళ్ళు మసకేస్తున్నాయని అప్పుడు ఒప్పుకున్నాను. కళ్ళ డాక్టర్ చూసి ముందు రక్తం పరీక్ష చేయించుకో అన్నాడు. షుగరట. ఉండాల్సిన దానికి రెట్టింపు పైనే. మాత్రలు రాశారు, సొరుగులో పెట్టాను.

నేను నమ్మను. మీ అక్క ఉన్నంత కాలం వారం వారం అంత తీపి తిన్నాను, నాకేమైనా అయిందా? దుకాణానికొచ్చే షుగర్ వాళ్ళ ముందు డబ్బా మూత తీసి మరీ తినేవాణ్ణి. "మా ఆవిడ చేతి తీపి తింటే ఏ రోగమూ రాదు" అనేవాణ్ణి. అది నిజం. మీ అక్క పోయింది, ఆ డబ్బా ఖాళీ అయింది, రోగం వచ్చింది. ఇది షుగర్ కాదు, దిగులు. దిగులుకి మాత్రలేంటి?

రక్తం తీసిన నర్సు చెప్పినట్టు తీపి లేకుండా చేస్తే అది ఫ్లాప్‌జాక్ కాదు, గుర్రపు దాణా. అదే తినాల్సొస్తే అసలు తినకపోవడమే నయం.

బావ


స్టేషన్ క్వార్టర్స్

బావా,

ఉత్తరం డ్యూటీలో విప్పాను. ఆ తర్వాత ఒక బండి వేరే ప్లాట్‌ఫారం మీదకొస్తుందని మైకులో చెప్పేశాను. జనమంతా సామాన్లు మోసుకుని మెట్లెక్కి దిగారు. ఆఫీసరు నన్ను పిలిచి నానా మాటలన్నాడు. అన్నీ పడ్డాను. నా బుర్రలో నీ కళ్ళే ఉన్నాయి.

ముందు ఆ సొరుగు తెరిచి మాత్ర వేసుకో. దిగులుకి వేసుకో, షుగర్‌కి వేసుకో, దేనికి వేసుకుంటావో నీ ఇష్టం. అక్క పోయాక అక్కని ఎరిగినవాళ్ళు నాకు నువ్వొక్కడివే మిగిలావు. దాని గురించి మాట్లాడాలంటే నాకింకెవరున్నారు? నువ్వు మొండికేసి నీకేదైనా చేసుకున్నావంటే జన్మలో క్షమించను.

పట్టి ఉంచేదేది అన్నావు కదా. చెప్తాను, ఇలా చెయ్యి. పంచదార, సిరప్ అసలు వద్దు. బాగా మగ్గి తొక్క నల్లబడిన అరటిపళ్ళు రెండు మెదుపు. గుప్పెడు ఖర్జూరాలు వేడి నీళ్ళల్లో నానబెట్టి ముద్ద చెయ్యి. గుప్పెడే. ఖర్జూరంలో ఉన్నదీ చక్కెరే, ఇష్టమొచ్చినట్టు వేసుకోకు. ఒక ఆపిల్ తురిమి వెయ్యి. వెన్న మునుపటి దాంట్లో సగం. ఒక గుడ్డు గిలకొట్టి కలుపు, పొడి అవ్వకుండా అదే పట్టుకుంటుంది. వేయించిన ఓట్స్, ఉప్పు మామూలే. ట్రేలో అరచేత్తో కాదు, గ్లాసు అడుగుతో అదుము. ముక్కలు చిన్నవి కొయ్యి, రోజుకి ఒకటే తిను.

చివరగా ఒక నారింజ తొక్క పైపైన తురిమి కలుపు. తెల్ల పొర రానివ్వకు, చేదొస్తుంది.

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాశాను.

మైకు


తాళాల దుకాణం పైగది

నువ్వు చెప్పినట్టే చేశాను.

ట్రే ఓవెన్లో పెట్టి, పనుండి కింద దుకాణంలోకి వెళ్ళాను. తిరిగి మెట్లెక్కుతుంటే ఆ వాసన. సగం మెట్ల మీద ఆగిపోయాను. చెప్తే నవ్వుతావు, తలుపు తియ్యకుండా తట్టాను. నా ఇంటి తలుపు నేనే తట్టి, ఎవరైనా తీస్తారేమోనని నిలబడ్డాను.

సబ్బు కాదన్నమాట. ఆదివారాలు చెత్తబుట్టలో నారింజ తొక్కలు చూస్తూనే ఉన్నాను. పండు తినుంటుందనుకున్నాను.

చల్లారేదాకా ఆగి ఒక ముక్క తిన్నాను. అదే మైకూ. కొంచెం అటూ ఇటూ కూడా కాదు, అదే. పంచదార చెంచాడు కూడా లేని ఈ ముక్క అది ఎలా అవుతుంది? నేను చెవిటివాణ్ణే గానీ వెర్రివాణ్ణి కాదు. నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నావు. మీ అక్క మీద ఒట్టు, ఉన్నదున్నట్టు రాయి.

బావ


స్టేషన్ క్వార్టర్స్

బావా,

ఒట్టు వెయ్యకుండా ఉండాల్సింది. నేను దానికి మాటిచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను.

నీకు గుర్తుందో లేదో, చాలా ఏళ్ళ కిందట అక్క నిన్ను బలవంతంగా తీసుకెళ్ళి రక్తం పరీక్ష చేయించింది. షుగర్ అంచుల్లో ఉంది, జాగ్రత్త అన్నాడు డాక్టరు. నువ్వు ఆయనకే ఏమీ రాదని తిట్టి బయటికొచ్చేశావు. ఆ కాగితం చింపేశావు. ఆ దారిలోనే స్వీటు కొనుక్కుని తిన్నావట, అక్క కళ్ళెదురుగా. నీతో పోట్లాడి లాభం లేదని దానికి అప్పుడే అర్థమైంది.

అప్పటి నుంచి తగ్గించుకుంటూ వచ్చింది. నీ టీలో, నీ ఫ్లాప్‌జాక్‌లో, అన్నిట్లో. ఒక్కసారిగా కాదు, నీ నాలుక పసిగట్టకుండా, నెలకి కాసింత. పలకలు విరిగిపోతే ఖర్జూరం చేర్చింది, గుడ్డు చేర్చింది. తీపి తగ్గిందని నీకు తెలియకుండా నారింజ తొక్క వేసింది. చివరి ఏళ్ళల్లో నువ్వు తిన్నదాంట్లో పంచదార లేనే లేదు. నువ్వు దుకాణంలో డబ్బా తీసి గొప్పలు చెప్తుంటే అది మెట్ల మీద నిలబడి విని, నాకు చెప్పి కడుపు పట్టుకుని నవ్వేది.

దానికి తీపంటే ఎంత పిచ్చో నీకు తెలుసు. చిన్నప్పుడు నా వాటా కూడా అదే తినేసేది. అయినా నీకోసం చేసిందే తనూ తినేది. తనకి విడిగా తియ్యటిది చేసుకుని దాచుకోవే అంటే, "ఒక్కదాన్నే కూర్చుని తింటే ఏం రుచే?" అంది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇక అడ్డేముందని నేను పాత పద్ధతిలో పంచదార నిండా వేసి చేసి తీసుకెళ్ళాను. ఒక కొస కొరికి పక్కన పెట్టేసింది. "ఇంత తీపి ఎలా తినేవాళ్ళమే మనం?" అంది. ఆ రోజే నా చేత మాట తీసుకుంది, నీకు చెప్పొద్దని. తెలిస్తే పంతానికి బేకరీ మీద పడతావంది.

నువ్వు అడిగినప్పుడు నేను మొదట క్యాంటీన్ లెక్కే పంపాను. అక్క లాగే కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వద్దామనుకున్నాను. నీ కళ్ళ దాకా వచ్చిందని నాకేం తెలుసు? అక్కకి దొరికిన తీరిక నాకు దొరకలేదు. ఆ ట్రేలు నువ్వు తిన్నావని తలుచుకుంటే నాకు నిద్ర రావడం లేదు.

తిట్టాలనుకుంటే తిట్టు. రాయడం మాత్రం మానకు.

మైకు


స్టేషన్ క్వార్టర్స్,
చలి తగ్గింది

బావా,

జవాబు లేదు. మళ్ళీ ఉత్తరం మడిచి పెట్టేశావేమో తెలియదు. నువ్వు తలుపు తట్టి నిలబడ్డానని రాశావు చూడు, ఆ ముక్క దగ్గరే నేనింకా ఆగిపోయి ఉన్నాను.

రోజూ డ్యూటీ దిగాక ఉత్తరాల పెట్టె చూసుకుంటున్నాను. ఎవరి మీదైనా ఇంత కోపం పనికిరాదు, అందులోనూ పోయినవాళ్ళ మీద. మాత్ర వేసుకుంటున్నావా? ఆ ఒక్క మాట రాసినా చాలు, కార్డు మీద.

మరదలు


తాళాల దుకాణం పైగది,
ఎండలు వచ్చేశాయి

మైకూ,

వేసుకుంటున్నాను. ముందు ఆ మాట రాసేశాను, ఇక స్థిమితంగా కూర్చుని చదువు.

కోపం వచ్చిన మాట నిజం. అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి నన్ను ఇన్నేళ్ళు ఆడించారనిపించింది. షాపుకొచ్చిన వాళ్ళందరి ముందూ నేను కొట్టిన డప్పు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చాను. మీ అక్క చెప్పినట్టే తిన్నగా బేకరీకి పోయాను. అక్కడున్న వాటిల్లో అన్నిటికంటే తియ్యటిదేదో అడిగి కొన్నాను, పైన క్రీము, లోపల పాకం. బయట బల్ల మీద కూర్చుని ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. మింగుడు పడలేదు. మైకూ, నేను తీపి తినలేకపోయాను. నా నాలుకని కూడా నన్నడక్కుండా మార్చేసి పోయింది మీ అక్క. అక్కడే ఏడ్చాను, అందరూ చూస్తుండగానే.

ఆ తర్వాత నీ మీదా కోపం లేదు, దాని మీదా లేదు. షుగర్ కొంత దిగింది. చూపు కాస్త తేరుకుంది. మందుల షాపావిడకి చెవి మళ్ళీ కోసిచ్చాను, పట్టింది.

ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం వేరే ఉంది. నువ్వు చెప్పిన లెక్క ప్రకారం వారం వారం చేస్తూనే ఉన్నాను. చెయ్యి బాగానే తిరిగింది, పలక విరగడం లేదు, వాసనా అదే వస్తుంది. కానీ ఆ మొదటి రోజు తర్వాత మళ్ళీ ఆ రుచి రాలేదు. ఎందుకో చాలా రోజులు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. ఆ మొదటి రోజు ఏం రాబోతోందో నాకు తెలియదు. నేనే కొలుస్తున్నాను, నేనే తగ్గిస్తున్నాను, తగ్గించానని తెలిసే తింటున్నాను. తెలిసి తింటే అది మందులా ఉంది. మీ అక్క పెట్టినప్పుడు నాకేమీ తెలియదు, అందుకే అంత తియ్యగా ఉండేది.

ఈ ఇంట్లో ఇప్పుడు నాకు తెలియకుండా ఏదీ జరగదు మైకూ. కప్పు ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. టీలో ఎంత వేసుకుంటే అంతే ఉంటుంది. నా వెనకాల నా కోసం ఏదో ఒకటి చేసి, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టుకునే మనిషి లేదు. ఇల్లు ఇంత బోసిగా ఎందుకుందా అని ఇన్నాళ్ళుగా వెతుకుతున్నాను. ఇదన్నమాట.

అందుకని నాకొక పని చేసి పెట్టు. ఓట్స్ నువ్వే అక్కడ వేయించి, పొడి సరుకంతా నీ చేత్తో కలిపి, పొట్లం కట్టి పంపు. పళ్ళూ వెన్నా నేనిక్కడ చూసుకుంటాను. ఏమేం కలిపావో, ఎంత వేశావో, ఏది మానేశావో నాకు రాయకు. నేను అడిగినా అబద్ధం చెప్పు.

బావ